మూడో అధ్యాయంలో లేని మాట

లోపల మళ్ళీ నవ్వులు. కాఫీషాపు కుర్రాడు ఏదో అని ఉంటాడు, వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు నవ్వి ఉంటాడు, ఆయన నవ్వాడు కాబట్టి గైడు సారు ఇంకా గట్టిగా నవ్వి ఉంటాడు. మూసిన తలుపులోంచి కూడా గైడు సారు నవ్వు ఆమెకి విడిగా తెలుస్తుంది, చేరిన నాటి నుంచీ వింటున్నదే కదా, ముందు ముక్కులో మొదలై తర్వాత గొంతులోకి దిగుతుంది, ఎదుటివాడి హోదాని బట్టి ఎంత లోతుకి దిగాలో దానికి బాగా తెలుసు. నవ్వండి నాయనా నవ్వండి, మీకేం పోయింది. ఆ కుర్రాడి వైవా అవగానే తనదే. వాడు చదువుకున్నన్నాళ్ళూ కాఫీషాపుల్లో కూర్చుని ఎవరు ఏ మూల కుర్చీ ఏరుకుంటారో, ఎవరు ఎవరికేసి ఓరగా చూస్తారో రాసి, దానికి ‘నగర యువత విరామ స్థలాలు’ అని పేరు తగిలించి హాయిగా గట్టెక్కుతున్నాడు. వాడి వెంట ఇంటి నుంచి ఒక్కరూ రాలేదు. రావాల్సిన పనేముంది, వాడు రాసింది వాళ్ళమ్మ గురించి కాదుగా. ఆమె వెంట మాత్రం అత్తగారు వచ్చింది. కారిడార్లో ఇనపకుర్చీల వరసలో పక్కనే, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. మోకాళ్ళ నొప్పులతో వీధి చివరిదాకా నడవని మనిషి రెండంతస్తుల మెట్లు ఎక్కి మరీ వచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకి తెలుసు. కాపలాకి వచ్చింది. కోడలు నోరు జారుతుందేమో చూడ్డానికి వచ్చింది.

జారదు అత్తయ్యా, జారదు. జారడానికి ఏం మిగిల్చాను కనక. తన ఒళ్ళో ఉన్న నల్ల అట్ట పరిశోధన పుస్తకం బరువు చూస్తే ఇందులో ఏదో ఉందనే అనుకుంటారెవరైనా, పైన బంగారు అక్షరాలు కూడా ఉన్నాయి, లోపల మూడో అధ్యాయం దగ్గరికొచ్చేసరికి గుండెకాయ తీసేసిన మనిషిలా ఉంది. తీసింది తనే. అసలీ చదువు పేరు చెప్పుకోవడమే ఒక పెద్ద తంటా. సాంస్కృతిక అధ్యయనాలు అంటే ‘డ్యాన్సులు నేర్పుతారా’ అని ఆడపడుచు, ‘పాసైతే ఏ ఆఫీసులో వేస్తారు’ అని తోటికోడలు, ‘ఇప్పుడా’ అని అందరూ. అవును, ఇప్పుడే. బీమా ఆఫీసులో చచ్చిపోయినవాళ్ళ పేర్లూ పుట్టిన తేదీలూ టైపు చేసీ చేసీ కళ్ళకి అద్దాలొచ్చాక, జుట్టు పాపిట దగ్గర నెరిశాక, ఒకరోజు రాజీనామా చేసి వచ్చి ఇక్కడ చేరింది. మొదటి క్లాసులో గైడు సారు అన్నాడు, మామూలు మనుషులు ఏం చూస్తారో, ఏం పాడుకుంటారో, ఏది చూసి ఏడుస్తారో అదంతా చదవాల్సిందే, గ్రంథాలకి ఉన్న గౌరవం దానికీ ఇవ్వాల్సిందే అని. ఆ మాటకి బస్సులో ఇంటికొస్తూ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. అంత పిచ్చిది. సినిమాహాళ్ళ బయట అమ్మే పాటల పుస్తకాలు, పల్చటి గులాబీరంగు కాగితాలవి, చిన్నప్పుడు నాన్న కొనిపెట్టినవి అట్టపెట్టె నిండా దాచుకుంది, వాటి మీద రాద్దామని ఎంత ఆశపడి మోసుకొచ్చిందో. గైడు సారు రెండు పుస్తకాలు తిరగేసి, ‘బావున్నాయి, కానీ దీని వెనకున్న రాజకీయం ఏమిటి?’ అన్నాడు. ఆయన దేన్నైనా ఆ ప్రశ్నే అడుగుతాడు, టీ చల్లారిపోయినా అడుగుతాడు, అందుకే పిల్లలు చాటుగా రాజకీయం సారు అంటారు. ఆమె ఇంకో పుస్తకం తీసి చూపించింది. ‘ఇది లైబ్రరీ పని, ఎవరైనా చేస్తారు. మీ ఇంట్లో సీరియళ్ళు ఎవరు చూస్తారు?’ అన్నాడు. మా అత్తయ్య సార్ అంది. ఆయన కళ్ళు వెలిగాయి. ‘ఇక వెతకడం దేనికమ్మా? మీ ఇల్లే మీ పరిశోధన క్షేత్రం. అందులోకి మేం వెళ్ళలేం, మీరు వెళ్ళగలరు’ అన్నాడు. కాఫీషాపు కుర్రాణ్ణి మాత్రం మీ అమ్మ ఏం చూస్తుందోయ్ అని అడగలేదు. వాళ్ళమ్మ పెద్దాసుపత్రిలో డాక్టరు. వాడికి లోకం, ఆమెకి ఇల్లు. పంపకం అప్పుడే అయిపోయింది.

అటెండరు ట్రేలో టీ కప్పులు పట్టుకుని భుజంతో తలుపు తోశాడు, ఒక్క క్షణం లోపలి చల్లగాలి, ప్రొజెక్టరు వెలుగు, మళ్ళీ మూసుకుంది. అత్తగారు ఆ సందులోంచి మెడ చాచి చూసింది. ‘లోపల ఎంతమందుంటారే?’ అంది. ‘పదిమంది దాకా ఉంటారత్తయ్యా.’ ‘అంతా పెద్దవాళ్ళేనా?’ ‘పెద్దవాళ్ళే.’ అత్తగారు తల పంకించింది. చూశావా, లెక్క తీస్తోంది, ఎంతమంది ముందు తన పరువు పోతుందో అంచనా వేసుకుంటోంది. పోదు మహాతల్లీ. ఆ మాట చెబుదామని నోటిదాకా వస్తుంది, మళ్ళీ ఉక్రోషం అడ్డం పడుతుంది. అడగొచ్చుగా, ఒక్కసారి అడగొచ్చుగా, ఆ ముక్క ఉంచావా తీశావా అని. అడగదు. కోడలి చదువు ఏ గంగలో కలిసినా ఆవిడకేం. ఇంట్లోనూ ఇంతే, కూరలో ఉప్పెక్కువైతే అనదు, పక్కకి పెడుతుంది. పక్కకి పెట్టిన కూరని చూసి మనం అర్థం చేసుకోవాలి. అలా అర్థం చేసుకుంటూనే కాపురమంతా గడిచింది, ఆ చూపులకి అర్థాలు రాస్తే దానికే ఒక డిగ్రీ ఇవ్వొచ్చు.

ఈ పరిశోధన మొదలవకముందు ఆమె ఇంట్లోని టీవీ గదిలోకి మడత పెట్టిన బట్టలు పెట్టడానికి తప్ప వెళ్ళేది కాదు. మొదటిరోజు వెళ్ళి సోఫాలో పక్కన కూర్చుంటే అత్తగారు అనుమానంగా చూసి ‘ఒంట్లో బాలేదా?’ అంది. మర్నాడు దిండు ఇటు జరిపింది. వారం తిరిగేసరికి వెనకటి కథంతా చెప్పడం మొదలుపెట్టింది, ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు చచ్చి మళ్ళీ బతికొచ్చారో, ఎవరికి తల మీద దెబ్బ తగిలి గతం గుర్తులేదో. టీపాయి మీద రికార్డరు పెట్టి, ఇది చదువు కోసం అత్తయ్యా, మీరు మామూలుగా మాట్లాడండి అంటే, ‘మామూలుగా కాక స్టేజీ ఎక్కి మాట్లాడతానా’ అని నవ్వింది. ఎదురింటావిడతో ‘మా కోడలు టీవీ చూసి ఎమ్మే పాసవుతోంది, ట్యూషను నా దగ్గరే’ అని చెప్పుకుని మురిసిపోయింది. పాపం తోడు దొరికిందనుకుంది. ఈ కోడలుగారేమో ఆవలింత వచ్చినా ఆపుకుంటూ, ఏ ప్రకటన దగ్గర ఆవిడ లేస్తుందో, ఏ పాత్రని ‘ఒసేయ్’ అంటుందో, ఏ పాత్రని ‘అమ్మా’ అంటుందో మనసులో గుర్తులు పెట్టుకుంటూ కూర్చునేది. అత్తగారు తెరతో మాట్లాడుతుంది. అలా ఇలా కాదు, పోట్లాడుతుంది, బతిమాలుతుంది, తలుపు వెనక విలన్ ఉన్నాడని ముందే చెబుతుంది, వినకపోతే ‘నీ ఖర్మ’ అని చేతులు దులుపుకుంటుంది. ఎవరికైనా నవ్వొస్తుంది. ఆమెకీ వచ్చేది. కొన్నాళ్ళకి మాత్రం, ఎప్పుడో తెలీదు, నవ్వు మానేసి సాయంత్రాల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. ఆ సంగతి ఏ అధ్యాయంలోనూ రాయలేదు. రాస్తే పరిశోధకురాలి తటస్థత దెబ్బతింటుందట.

ఒకరోజు తెర మీద మొగుడు పెళ్ళాన్ని కొట్టాడు. సీరియల్లో కొట్టడమంటే తెలిసిందే, ఒక్క చెంపదెబ్బని అటు నుంచీ ఇటు నుంచీ మళ్ళీ మళ్ళీ చూపిస్తారు, ఇంట్లో ఉన్నవాళ్ళందరి మొహాలూ ఒక్కొక్కటే దగ్గరగా చూపిస్తారు, ఎండాకాలమైనా ఉరుములు వేస్తారు. ఆ పిల్ల హాలు మధ్యలో కూలబడి వెక్కివెక్కి ఏడుస్తోంది. అత్తగారు బఠానీలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే తెరతో అంది. ‘హాల్లో కూర్చుని ఏడుస్తావేంటే పిచ్చిమొహమా. లేచి బాత్రూంలోకి పో. కుళాయి బాగా తిప్పుకో, చెంబు మోగించు. నేనట్లా చేసే సంసారం ఈదుకొచ్చా. పిల్లాడికి నీళ్ళ చప్పుడే వినపడాలి.’ అని ఇంకో కాయ తీసుకుంది. ఆమె ఏమన్నారత్తయ్యా అని అడగలేదు. అడిగితే క్షేత్రం చెదిరిపోతుందని నేర్పారుగా. రికార్డరు మీద ఎర్రదీపం వెలుగుతోందా లేదా అని అటు చూసింది. ముందు అటే చూసింది, ఆవిడ మొహం వైపు కాదు. వెలుగుతోంది. లోపల ఎక్కడో చప్పట్లు కొట్టినంత సంతోషమైంది. ఛీ. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

‘బంగారం’ అన్నాడు గైడు సారు. కుర్చీలోంచి లేచి మరీ అన్నాడు. ‘మీ సిద్ధాంతం మొత్తం ఈ ఒక్క మాటలో ఉందమ్మా. తెర ఆమెకి అద్దం కాదు, నోరు. తన నోటితో అనలేనిది తెరతో అంటోంది. రాయండి.’ రాసింది. అత్తగారి పేరు తీసేసి ‘ఒక వీక్షకురాలు’ అని పెట్టి, ఒళ్ళు దాచుకోకుండా రాసింది, అన్నం మాడగొట్టుకుని రాసింది. రాస్తున్నంతసేపూ హాల్లో గోడ మీద మామగారి ఫొటో. ఆమె కాపురానికి రాకముందే పోయాడాయన. పెద్ద హెడ్మాస్టరు, నడిచొస్తుంటే బడంతా గప్‌చుప్ అట. మొగుడు ఆ ఫొటోని పండక్కీ పబ్బానికీ కాదు, ఆదివారం వచ్చిందంటే చాలు తుడుస్తాడు. హెడ్మాస్టరు గారబ్బాయి అని ఎవరైనా అంటే ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. ఇంటికి ఎవరొచ్చినా అతను చెప్పే జోకు ఒకటుంది. ‘మా అమ్మకి చిన్నప్పట్నుంచీ స్నానాల పిచ్చండీ. ఎప్పుడు చూడు బాత్రూంలోనే, నీళ్ళు ధారగా పోతూనే ఉండేవి. మా నాన్న పల్లెత్తు మాటంటే ఒట్టు. ఎంత ఓపికో మహానుభావుడికి!’ అందరూ నవ్వుతారు. అత్తగారూ నవ్వుతుంది, కప్పులు తీసుకుంటూ. ఎన్నిసార్లు తనూ నవ్వింది ఆ జోకుకి, అరిగిపోయిన జోకే అయినా మొగుడు చిన్నబుచ్చుకుంటాడని. ఇప్పుడు ఎవరైనా ఇంటికొస్తున్నారంటే ఆమెకి భయం. చెప్పేస్తాడేమో మళ్ళీ, ఆవిడ నవ్వుతుందేమో మళ్ళీ.

నియమం ఒకటుంది, ఎవరి మాటలు రాశామో వాళ్ళకి చదివి వినిపించాలి, వాళ్ళు సరేనంటేనే అచ్చుకి వెళ్ళాలి. మంచి నియమమే. ఒక మధ్యాహ్నం టీవీ కట్టేసి చదివింది. ‘బకెట్టులో నీళ్ళు పడే శబ్దం ఇక్కడ కేవలం శబ్దం కాదు’ అని తను రాసుకున్న గొప్ప వాక్యం దగ్గరికి రాగానే అత్తగారు లేచింది. చీర కొంగు సర్దుకుంది. తన గదిలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం టీవీ పెట్టలేదు. మర్నాడూ పెట్టలేదు. ఆ తర్వాత ఇంట్లో టీవీ మోగనే లేదు, సీరియళ్ళ టైముకి అత్తగారు బాల్కనీలో కూర్చుని రోడ్డు చూడటం మొదలుపెట్టింది. ఇంకా ఏం చెప్పాలి ఎవరైనా? మౌనం కూడా సమాధానమే, కొన్నిసార్లు అదే అసలైన తిరస్కారం అని రెండో సెమిస్టరంతా చదివారు, దాని మీద ఆమెకి క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు కూడా వచ్చాయి. ఆ చదువంతా ఉపయోగించి అత్తగారి వీపుని చదివింది. వద్దు అంటోంది. రాత్రంతా కూర్చుని ఆ పేజీలు తీసేసింది. వాటి చోట ప్రకటనల గురించి, సబ్బుల గురించి, నీళ్ళలాంటి నాలుగు పేజీలు పోసింది. గైడు సారు మొహం గంటు పెట్టుకున్నాడు. ‘ఇప్పుడిది మామూలు ఎమ్మే పుస్తకం. పీహెచ్‌డీ సీటు సంగతి నేను మాటివ్వలేను, ఉన్నది ఒక్కటే సీటు’ అన్నాడు. ఇవ్వకండి. ఆ సీటు ఎవరికెళ్తుందో లోపలి నవ్వులు వింటే తెలియడం లేదూ. ఉద్యోగం వదులుకుని, చుట్టాల ముందు నవ్వులపాలై, కళ్ళు కాయలు కాచేలా రాసిన ఒకే ఒక్క మంచి మాటని ఈ పక్కనున్న మనిషి కోసం తన చేత్తో తను నరుక్కుంది. ఈవిడకి ఆ సంగతే తెలీదు. తెలిసినా ఏమంటుంది, పక్కకి పెట్టిన కూరలా ఒక చూపు చూస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆమె తలుచుకోదు. తలుచుకోకూడదనుకుంటే ముందు అదే వస్తుంది. మొన్నామధ్య బండి తాళాలు కనపడక మొగుడు ఇల్లంతా తిరుగుతూ కేకలేశాడు, నువ్వే ఎక్కడో పెట్టావన్నాడు, నేను ముట్టుకోలేదంది, ఆ పుస్తకాల గోలలో పడి ఇల్లు గాలికొదిలేశావన్నాడు, ఆమె కూడా ఏదో అంది, అతని చెయ్యి లేచింది. లేచి గాల్లో ఆగింది. ఆగి, తలకేసి వెళ్ళి, జుట్టు సర్దుకుంది. ఎవరో చూస్తే జుట్టు సర్దుకోవడానికే లేచిందనుకుంటారు. తాళాలు అతని జేబులోనే దొరికాయి, నవ్వాడు, నవ్వింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు. కోపమొస్తే అరుస్తాడు, అన్నం మానేస్తాడు, అంతే. అది జుట్టు సర్దుకోవడమే. అలాగే అనుకుంది, అనుకుని గిన్నెలు తోముకోవడానికి వెళ్ళింది. వంటింటి గుమ్మంలో అత్తగారు ఉంది, పక్కకి తప్పుకుని దారిచ్చింది.

‘వాడెక్కడే?’ అంది అత్తగారు ఇప్పుడు.

‘బండి పెట్టి వస్తానన్నారత్తయ్యా. కింద ఫోనులో ఉన్నట్టున్నారు.’

‘లోపలికొస్తాడుగా?’

‘వస్తారు. ఇంట్లోవాళ్ళని వెనక వరసలో కూర్చోనిస్తారట.’

‘మధ్యలో లేచి పోకూడదుగా?’

ఇదేం ప్రశ్న. ‘పోకూడదని ఏం లేదు. బావుండదని ఎవరూ పోరు. ఎందుకత్తయ్యా?’

‘ఆ మాట వచ్చేటప్పటికి వాడుండాలి.’

‘ఏ మాట?’

అత్తగారు గొంతు తగ్గించలేదు, ఎదురుగా నోటీసుబోర్డు వైపే చూస్తూ, ఉల్లిపాయల ధర చెప్పినట్టు చెప్పింది. ‘నీళ్ళ మాట. నువ్వు రాశావుగా. నేను చెబితే వాడు నమ్ముతాడా? సీరియళ్ళు చూసీ చూసీ అమ్మకి మతి పోయిందంటాడు. ఆ ఫొటో దగ్గరికెళ్ళి నిలబడతాడు. ఇంత పెద్దవాళ్ళు కూర్చుని, అచ్చులో ఉన్నది చదివి, అవునని తలలూపితే అప్పుడు నమ్ముతాడు. మొన్న తాళాలప్పుడు చూశాగా వాణ్ణి. చెయ్యి ఎట్లా లేచిందో, అచ్చం ఆయన లేచినట్టే లేచింది. మొదట్లో ఆయనదీ గాల్లోనే ఆగేది.’

ఫ్యాను తిరుగుతోంది. లోపల ఎవరో కుర్చీ జరిపారు. ఆమె ఒళ్ళోని పుస్తకాన్ని బోర్లించింది.

‘మరి... ఆరోజు చదువుతుంటే లేచి వెళ్ళిపోయారుగా?’

‘వెళ్ళక? ఎన్నడూ ఎవరితో అనని మాట ఇంకొకళ్ళ నోట్లోంచి వస్తుంటే కూర్చోగలనా? ఏడుపొచ్చింది, పోయి పడుకున్నా. నువ్వొచ్చి అడుగుతావనుకున్నా.’ చేతిసంచి జిప్పు తీసి, మళ్ళీ వేసింది. ‘అడగలేదు. సర్లే, చదువుకున్న పిల్ల, అర్థమయ్యే ఉంటుందిలే అనుకున్నా.’

‘టీవీ కూడా పెట్టడం మానేశారుగా అత్తయ్యా.’

‘ఏం చూస్తాం. నాది విన్నాక అందులో ఎవరి గోలైనా చప్పగానే ఉంది.’

అడగలేదు. నిజమే, అడగలేదు. పక్కగదిలోకి నాలుగడుగులు వేసి, మంచం మీద కూర్చుని, ఏమైందత్తయ్యా అని ఒక్క మాట అడిగితే అయిపోయేది, అడగటానికి డిగ్రీ అక్కర్లేదు, ఎదురింటావిడైనా అడిగేది. తను వ్యాఖ్యానించింది. వీపు చూసి అర్థం రాసింది, రాసుకున్న అర్థాన్ని నమ్మి గొప్ప త్యాగం చేసింది, చేసి ఇన్నాళ్ళూ ఆవిడ మీద కారాలు మిరియాలు నూరింది. దేవుడా. ఈ ముసలావిడ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది కాపలాకి కాదు. ఒక్క మాట కొడుకు చెవిన పడటం కోసం, అదీ తన నోటితో కాకుండా, కోడలి పుస్తకంలోంచి, పదిమంది పెద్దమనుషుల ముందు. ఆ పుస్తకంలో సబ్బుల గురించి ఉంది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, అత్తయ్యా ఆ పేజీలు లేవు, మీరొద్దన్నారనుకుని తీసేశాను. ఎలా మొదలుపెట్టాలి. ‘అత్తయ్యా’ అంది. ‘ఊఁ’ అంటూ ఆవిడ ఇటు తిరిగింది, మొహం తేటగా ఉంది, నిద్రపోయి లేచినట్టుంది. తలుపు తెరుచుకుంది. కాఫీషాపు కుర్రాడు వెలిగిపోతూ బయటికొచ్చాడు, ‘చాలా మంచివాళ్ళు మేడమ్, అసలు భయపడకండి’ అన్నాడు. వెనకాల అటెండరు ఆమె పేరు పిలిచాడు. మెట్ల మీంచి మొగుడు రెండేసి మెట్లెక్కుతూ వచ్చాడు, ఫోను జేబులో పెట్టుకుంటూ, ‘టైముకొచ్చానా?’ అని తల్లి చెయ్యి పట్టుకుని లేపాడు.

సరే. పుస్తకంలో లేకపోతేనేం, నోరుంది కదా. లోపలికి నడుస్తూ నిశ్చయించుకుంది. ఆ మాట చెబుతుంది. ఎవరడిగినా అడక్కపోయినా చెబుతుంది. వెనక వరసలో ఇద్దరూ కూర్చోవడం చూసింది, అత్తగారు కుర్చీ అంచున, మెడ నిటారుగా. తెర మీద బొమ్మలు మారుతున్నాయి, ఆమె నోరు దానంతటదే చెప్పుకుపోతోంది, లక్ష్యం, పద్ధతి, మొదటి అధ్యాయం, రెండో అధ్యాయం. పరీక్షకుడు పుస్తకం తిరగేస్తూ వింటున్నాడు, మంచివాడే, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నవ్వాడు. ‘మూడో అధ్యాయం కొంచెం పల్చగా ఉందమ్మా. ఇంతకాలం ఒక ఇంట్లో కూర్చుని విన్నారు. సబ్బుల ప్రకటనలేనా? అసలు మీరు కనుక్కున్నదేమిటి?’ అని అడిగాడు. ఇదే. ఇంతకన్నా బార్లా ఎవరూ తలుపు తెరవరు. గైడు సారు చూపు ఆమె మీదికి తిరిగింది. ఆమె గొంతు సవరించుకుంది. ‘ఒకరోజు సార్, సీరియల్లో ఒకమ్మాయి దెబ్బలు తిని హాల్లో కూర్చుని ఏడుస్తుంటే, చూస్తున్నావిడ ఆ అమ్మాయితో ఒక మాటన్నారు...’ పరీక్షకుడు పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాడు. ‘ఇది ఏ పేజీ?’ అన్నాడు. ‘పుస్తకంలో లేదు సార్. తీసేశాను. కానీ ఆవిడ అన్నదేమిటంటే...’ ‘ఆగండాగండి’ ఆయన చెయ్యెత్తాడు, చాలా మర్యాదగా ఎత్తాడు. ‘లేనిదాని మీద నేను పరీక్ష చేయకూడదమ్మా. మీరు సమర్పించినదే నాకు సాక్ష్యం. రేపు ఎవరైనా ఆక్షేపిస్తే మీకే ఇబ్బంది.’ ‘ఒక్క మాటే సార్.’ ‘ఒక్క మాటైనా పేజీలో ఉండాలిగా’ అన్నాడు, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు సన్నగా నవ్వారు. గైడు సారు వాచీ చూసుకుని ‘మన విద్యార్థిని మొదట ఒక దిశలో ఆలోచించి తర్వాత విరమించుకుంది సార్, ఈ దశలో అది ప్రస్తావించడం భావ్యం కాదు’ అన్నాడు, ఆమెకేసి చూసి ఊరుకోమన్నట్టు కళ్ళార్పాడు. ఆమె వెనక వరస వైపు చూసింది. మొగుడు రెండు బొటనవేళ్ళూ పైకెత్తి, భయపడకు, కానీ అన్నట్టు నవ్వుతున్నాడు. అత్తగారు ఇంకా ముందుకి వంగింది. చెప్పేయొచ్చు. ఎవరేమన్నా అరిచైనా చెప్పేయొచ్చు, గెంటేస్తే గెంటేస్తారు. అక్కడ నిలబడి, ఇంత చదువు చదివిన మనిషి, పేజీలో లేని మాట పలకడానికి నోరు పెగలక, ‘అవును సార్, లేదు’ అంది. ఆ తర్వాత సబ్బుల గురించి అడిగారు. సబ్బుల గురించి బాగానే చెప్పింది.

చప్పట్లు కొట్టారు. పరీక్షకుడు అభినందనలన్నాడు, గైడు సారు ముక్కులోంచి మొదలయ్యే నవ్వొకటి నవ్వాడు. కారిడార్లోకి రాగానే మొగుడు భుజం చుట్టూ చెయ్యేసి ‘భలే చెప్పావోయ్! నాకు సగం అర్థం కాలేదనుకో, అయినా ఆ టక్కూ టైలవాళ్ళ ముందు తడబడకుండా నిలబడ్డావు చూడు’ అన్నాడు. అత్తగారు నెమ్మదిగా గోడ పట్టుకుని వచ్చింది. కోడలి మొహంలోకి చూసింది, ఆ చూపులో కోపం లేదు, ప్రశ్న కూడా లేదు, బస్సు వెళ్ళిపోయాక స్టాపులో నిలబడ్డ మనిషిలా ఉంది. ‘అయిపోయిందా?’ అంది. ‘అయిపోయిందత్తయ్యా.’ మొగుడు రెండో చెయ్యి తల్లి భుజం మీద వేశాడు, ఇద్దర్నీ దగ్గరికి లాక్కున్నాడు, అతని కళ్ళు నిజంగానే చెమర్చాయి. ‘అమ్మా,’ అన్నాడు, ‘ఇవాళ నాన్న ఉండి ఉంటే ఎంత పొంగిపోయేవాడో కదూ!’

అత్తగారు చేతిసంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

‘అవున్రా,’ అంది. ‘పొంగిపోయేవాడు.’